పర్లాకిమిడి వైపు పోస్టింగ్ వచ్చిన మేనకోడలికి

అమ్మడూ,

పీహెచ్‌సీలో నర్సుగా చేరగానే హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మాత్రలు వాడేవాళ్లను కూడా నీకే అప్పగించారని రాశావు. డాక్టరు లేని రోజు ఏం చేయాలో అని టెన్షన్ పడుతున్నావు. దక్షిణాఫ్రికాలో డాక్టర్లు చాలక 2010 నుంచి పల్లె క్లినిక్కుల్లో నర్సులే ఈ మందులు మొదలుపెడుతున్నారు. అక్కడి ఫ్రీ స్టేట్‌లో పరిశోధన చేసి చూస్తే నర్సుల వైద్యం డాక్టర్ల వైద్యానికి తీసిపోలేదు. మన దగ్గర మందు మొదలుపెట్టేది, మార్చేది డాక్టరే. ఆ గీత దాటకు. కానీ ఆ మనిషి ఏళ్ల తరబడి మందు మానకుండా ఉండటం చాలావరకు నీ చేతుల్లోనే ఉంది.

మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దులో మనుషులు మానేసేది ఎక్కువగా భయంతోనే. ఊళ్లో తెలిసిపోతుందని ఇటువాళ్లు పాతపట్నం దాటి శ్రీకాకుళం పోతారు. అలా పోయినవాళ్లను తిట్టకు, మందు అందుతోందా లేదా అన్నదే చూడు. హెచ్‌ఐవీ వాళ్లకని వేరే లైను, వేరే రోజు పెట్టనివ్వకు. బీపీ, షుగరు వాళ్లతో పాటే కూర్చోబెట్టు. సవర మాట నీకు రాదని ఇంటివాళ్లతో మాత్రం చెప్పించకు, కోడలి ముందు అత్త ఏం చెబుతుంది? నీ నోటి నుంచి ఒక్క పేరు బయటపడినా ఆ మనిషి మళ్లీ రాదు. 2018 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ చట్టం కూడా అనుమతి లేకుండా చెప్పొద్దనే అంటుంది.

"మాత్రలు వేసుకుంటున్నావా" అంటే అందరూ ఊ అంటారు. "పోయిన వారం ఎన్ని రోజులు కుదరలేదు, డబ్బా ఎక్కడ దాచావు" అని అడుగు, అప్పుడు అసలు కథ చెబుతారు. సూరత్ మరమగ్గాలకు వెళ్లేవాళ్లను బయలుదేరే ముందే కనుక్కుని, ఏఆర్‌టీ సెంటర్‌తో మాట్లాడి అక్కడి సెంటర్‌కు కాగితం రాయించు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష మందు మొదలైన 6వ నెలలో, 12వ నెలలో, ఆపైన ఏడాదికోసారి చేయించాలి. ఆ లెక్క 1000 దాటితే ముందు కారణం వెతుకు, కోప్పడితే ఇంకోసారి రారు.

ఏఆర్‌టీలో ఇచ్చే టీఎల్‌డీ మూడు మందులు కలిపిన మాత్ర, రోజుకు ఒక్కటే, మంచి మందు. అయితే గర్భిణులకు మనమే ఐరన్, కాల్షియం ఇస్తాం కదా, ఖాళీ కడుపున అవి కలిపి వేసుకుంటే అందులోని డోల్యుటెగ్రవిర్ ఒంటికి సరిగా పట్టదు. అన్నంతో పాటు కలిపి వేసుకోమను, లేదా వాటికి 2 గంటల ముందో, 6 గంటల తర్వాతో టీఎల్‌డీ వేసుకోమను. దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉన్నాయా అని వచ్చిన ప్రతిసారీ అడుగు. ఒక్కటున్నా టీబీ పరీక్షకు పంపు. టీబీ మందు రిఫాంపిసిన్ మొదలైతే 12 గంటల తేడాతో డోల్యుటెగ్రవిర్ 50 మి.గ్రా. అదనంగా కావాలి. చీటీలో అది లేకపోతే వెంటనే డాక్టరుకు ఫోన్ చెయ్యి, మొహమాటపడకు.

ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్ హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. చాలామందికి తెలియదు, తెలిసినా పంచాయతీలో అడగలేరు. దరఖాస్తు నింపడానికి పక్కన కూర్చో.

ఇక నీ సంగతి. సూది గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడుక్కుని, వీలైతే 2 గంటల్లోపే పీఈపీ, అంటే హెచ్‌ఐవీ అంటకుండా వేసుకునే మందు, మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే పనికిరాదు. ఆ మందు మీ దగ్గర ఏ బీరువాలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో రేపే కనుక్కుని నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దత్త