నోటీసు దాచిపెట్టకు అల్లుడా

నల్లగొండ,
ఆదివారం

అల్లుడా శ్రీనూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. నువ్విచ్చిన చెక్కు బౌన్సయిందని, సరుకిచ్చిన షావుకారు వకీలుతోని రిజిస్టర్ పోస్టుల పంపిన నోటీసును యూరియా బస్తాల వెనక దాచిపెట్టినవట, నీ భార్య ఊడుస్తుంటె దొరికిందట. బాకీ పడుడు వ్యాపారంల ఉండేదే. నోటీసు దాచుడు మాత్రం పెద్ద తప్పు బిడ్డ. ముప్ఫై రెండేండ్లు జిల్లా కోర్టుల వకీలు గుమాస్తాగ చేసిన. బాకీ ఉండి ఓడినోళ్లను చూసిన, బాకీ తీర్చి గూడ కాగితానికి జవాబియ్యక ఓడినోళ్లనూ చూసిన. నాకు నిద్ర పట్టనిది ఈ రెండో రకం గురించే. ఫోన్‌ల చెప్తె సగం మర్చిపోతవని ఇది రాసి మీ బావ చేతికిచ్చి బస్సుల పంపుతున్న.

ముందుగాల తారీఖులు చూడు. నోటీసు నీ చేతికొచ్చి ఇయ్యాల్టికి తొమ్మిది రోజులంట. పైసలు కట్టేతందుకు అందిన నాటి నుంచి 15 రోజులు గడువు, అంటె నీ చేతుల ఇంక ఆరు రోజులున్నయి. ఆ లోపల కట్టకుంటె, తర్వాత నెల రోజుల్ల ఆ షావుకారు మేజిస్ట్రేటు కోర్టుల ఫిర్యాదు వేస్తడు. చెక్కుల చట్టానికి 2015ల వచ్చిన సవరణ తర్వాత ఆయన ఖాతా ఏ బ్యాంకు శాఖల ఉంటె అక్కడి కోర్టుల వేస్తడు కాబట్టి నువ్వు హాలియా నుంచి మిర్యాలగూడ తిరగాల్సిందే. ఆయన దిక్కు తారీఖులు గూడ లెక్కవెయ్యాలె. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలల్లోపల బ్యాంకుల వేసిండా? చెక్కు తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లోపల నోటీసు పంపిండా? ఈ నోటీసు గడువు దాటితె కేసు నిలవడదు. మా వకీలుసాబ్ కేసు కట్ట విప్పంగనే వాదన సంగతి తర్వాత, వేళ్ల మీద రోజులు లెక్కవెట్టేటోడు.

శిక్ష సంగతి దాచకుంట చెప్త. చెక్కుల సంగతి చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 1881 నాటిదే గని, చెక్కు బౌన్సును నేరం చేసిన 138 సెక్షన్ 1989 ఏప్రిల్ 1 నుంచి అమల్లకొచ్చింది. రుజువైతె రెండేండ్ల దాక జైలు, లేకుంటె చెక్కు మొత్తానికి రెట్టింపు దాక జుర్మానా, లేదా రెండూ. నీ చెక్కు 4,80,000. రెట్టింపు ఎంతయితదో నువ్వే చూసుకో. నేరం ఒప్పుకోనంటె, కేసు నడుస్తుండంగనే 20 శాతం దాక, అంటె 96,000 దాక కట్టుమని కోర్టు చెప్పొచ్చు. అది 2018ల వచ్చిన సవరణ.

పోలీసులు రేపో మాపో పట్టుకపోతరని బస్టాండ్ కాడ ఎవరో బెదిరిచ్చిన్రట. నమ్మకు. ఇది బెయిలిచ్చే కేసు, పోలీసులు అంతట వాళ్లే వచ్చి పట్టుకపోయేది కాదు. సమన్లు వస్తయి, వకీలుతోని పోతవు, జామీను పెట్టి ఇంటికొస్తవు. వాయిదాలు ఎగ్గొట్టినంకనే భయపడాలె. అప్పుడు వారెంటు తీస్తరు, నాట్ల సీజన్‌ల రైతులు దుకాణం నిండ నిలవడ్డప్పుడు జవాను వస్తడు. సమన్లు తీసుకోకుంట ఇంటికి తాళమేస్తె తప్పిచ్చుకోవచ్చనుకోకు. సరైన అడ్రసుకు పంపింది వద్దని వాపస్ చేసినా అందినట్టే లెక్కగడుతరు.

ఇగ నీ దోస్తు చెప్పిన ఉపాయం: దస్కతు నాది కాదని అందాం. వద్దు శ్రీనూ. ఆ దస్కతు నీదే. ఒక్క అబద్ధం దొరికినంక నీ నిజాలు గూడ ఎవరూ నమ్మరు. ఖాళీ చెక్కు ఇచ్చిన, అంకె నేను రాయలేదు అన్నా ఒడ్డెక్కవు. ఇష్టపడి ఇచ్చిన చెక్కు మీద అంకె వేరేటోళ్లు రాసినా, అది బాకీకే ఇచ్చినట్టు కోర్టు భావిస్తదని సుప్రీంకోర్టు 2019ల చెప్పింది. పేమెంటు ఆపుమని బ్యాంకుకు రాసినా 138 వర్తిస్తది. అట్లని ఆ భావన రాతి మీద గీత కాదు. దాన్ని తిప్పికొట్టే భారం నీ మీద ఉంటది, అంతే. కోర్టు నీ నుంచి అనుమానానికి తావులేని రుజువు అడగదు. నీ మాటే ఎక్కువ నమ్మేటట్టున్నదని అనిపిస్తె సాలు.

నీ దగ్గర నిజంగనే బలమున్నది, అది నీకు తెలుస్తలేదు. చెక్కు ఇచ్చినంక ఆయనకు 1,50,000 ఫోన్‌పేల కొట్టినవు గద. అంటె చెక్కు బ్యాంకుల వేసిన నాటికి బాకీ 3,30,000 మాత్రమే. మధ్యల కట్టింది చెక్కు మీద రాయకుంట మొత్తానికి వేస్తె 138 కింద నేరం కాదని 2022ల సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గని ఆయన ఊకోడు, ఆ పైసలు పాత బిల్లుకు జమ చేసుకున్న అంటడు. అందుకే ఏ పైస ఏ బిల్లుకో చూపెట్టే కాగితాలు కావాలె. ఆయన వాట్సాప్‌ల పంపిన బాకీ లెక్కలు, సరుకు బిల్లులు, నీ ఖాతా పుస్తకం తియ్యి. ఫోన్ మార్చకు, ఆ మెసేజీలు చెరపకు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ పెట్టాలె, అది వకీలు చూసుకుంటడు. బ్యాంకు స్టేట్‌మెంటు ముద్రేయించుకొని తెచ్చుకో.

జవాబు నోటీసుల ఇదే రాయించు: సరుకు తెచ్చిన మాట నిజం, ఇంత కట్టిన, ఇంత మిగిలింది. కుదిరితె ఆ మిగిలిన దాంట్లె ఎంతయితె అంత డీడీ తీసి జవాబుతోని పంపు. మీ అత్త గొలుసు నేను పెట్టిస్త, మీ అమ్మకు తెల్వనియ్యకు. ఆ మనిషితోని కూసొని మాట్లాడేతందుకు సిగ్గుపడకు. 138 రాజీ పడే కేసు, ఏ దశలనైనా పడొచ్చు, అప్పీలుల గూడ. గని ముదిరినకొద్ది కోర్టు ఖర్చులు పెరుగుతయి. లోక్ అదాలత్‌ల కుదిరితె అక్కడిచ్చే అవార్డు, అంటె తీర్పు, కోర్టు డిక్రీతోని సమానం. ఏ రాజీ అయినా, ఆయన దగ్గర మిగిలిన నీ రెండో ఖాళీ చెక్కు చేతికి రాకుంట దస్కతు పెట్టకు.

మీ ఇంట్ల చిన్నోడి సంగతి ఇంక గట్టిది. 5,000 ఇస్తననంగనే ఏటీఎం కార్డు, సిమ్ము వేరేటోని చేతుల పెట్టిండు. ఖాతా ఫ్రీజయింది. ఇది చెక్కు బౌన్సు లెక్క కాదు. ఆ ఖాతాలకు మోసపోయినోళ్ల పైసలు వచ్చినయంటె, పాత ఐపీసీ జాగల వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేండ్ల దాక జైలు, ఐటీ (సమాచార సాంకేతిక) చట్టం 66డి కింద మూడేండ్ల దాక. పోలీసుల నుంచి హాజరు కావాలని నోటీసొస్తె పోవాలె, పారిపోవద్దు. పోయేముందు వకీలును కలవాలె. మోసానికి దురుద్దేశం రుజువు కావాలె, నిజంగ తెల్వకుంట ఇచ్చినోడు తెలిసినంక ఏం చేసిండో కోర్టు చూస్తది. రేపే బ్యాంకుల, సైబర్ పోలీసులకు రాతపూర్వకంగ చెప్పుమను. ఆ 5,000 ఖర్చు పెట్టనియ్యకు. ఆ పిలగాన్ని కొట్టకు. నా ముందట ఏడ్సుకుంట నిజం చెప్పిండు.

వకీలు ఫీజుకు భయపడకు. కోర్టు ఆవరణల జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది, అర్హులకు ఉచితంగ వకీలును ఇస్తది. ఫోన్ 15100. అర్హత ఉందో లేదో అడిగి తెలుసుకో.

మంగళారం పొద్దుగాల మొదటి బస్సుకు రా. చెక్కుబుక్కు, బిల్లులు, స్టేట్‌మెంటు, నోటీసు తీసుకరా. నోటీసు వచ్చిన కవరు పారేయకు, దాని మీద పోస్టు ముద్ర తారీఖు ఉంటది. గడియారం చౌరస్త కాడ దిగి ఫోన్ చెయ్యి, నేనే వస్త.

మీ మామ