పాత మస్టాంగ్ కొనే ముందు ఏమేం చూసుకోవాలి?

దొంగ బండి కాదండీ, కంగారు పడకండి. ఓహాయోలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ కారు ఒకటి చూశారు, దాని నంబరు బళ్ల పాత చరిత్ర చెప్పే కార్‌ఫాక్స్ సైట్‌లో కొడితే తీసుకోవట్లేదు, మోసమా అని కదా మీ ప్రశ్న. ఇప్పుడు మనకు తెలిసిన 17 అక్షరాల విన్ నంబరు, అంటే ప్రతి బండికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరు, 1981 మోడళ్ల నుంచి వచ్చింది. అంతకు ముందు ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, మస్టాంగ్‌కైతే 11 అక్షరాలే, ఆ రిపోర్టులేమో 17 ఉన్నవాటికే వస్తాయి. అందుకని ఆ కాలం బండి జాతకం కంప్యూటర్లో దొరకదు, బానెట్ ఎత్తి మనమే చదువుకోవాలి. నేను రెండేళ్లు వెతికి ఒకటి కొన్నాను, దానికి ముందు ఇంకోటి కొనబోయి ఆఖరి నిమిషంలో తప్పించుకున్నాను. ఆ తప్పించుకున్నదాని గురించే ఎక్కువ చెప్తాను, మీకు పనికొచ్చేది అదే.

నేను డల్లాస్ దగ్గర ఉంటాను. మూడు గంటల డ్రైవ్ దూరంలో ఎర్ర హార్డ్‌టాప్ (రేకు టాపు మస్టాంగ్) ఒకటి అమ్మకానికి వచ్చింది, 289 వి8 ఇంజన్, అంటే 289 ఘనపు అంగుళాల ఎనిమిది సిలిండర్లది, "కాలిఫోర్నియా కారు, నంబర్స్ మ్యాచింగ్", అంటే బండితో పాటు వచ్చిన అసలు ఇంజనే ఉంది అన్నారు, అడిగింది 24 వేల డాలర్లు. ఫోటోల్లో పెళ్లికొడుకులా మెరిసిపోతోంది. ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) దగ్గర గుద్దిన నంబరు ఫోటో పంపమని రెండుసార్లు అడిగితే రెండుసార్లూ డోరు మీది ప్లేటు ఫోటోనే పంపాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, శనివారం పొద్దున్నే క్యాషియర్స్ చెక్కు జేబులో పెట్టుకుని మరీ బయల్దేరాను.

ఆ నంబరు ఎక్కడుంటుందంటే, బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు ఫెండర్ అంచు వెంబడి చూడండి, ఒకచోట చిన్న గాడి కోసి ఉంటుంది, అందులోంచి లోపలి రేకు మీద గుద్దిన అక్షరాలు కనిపిస్తాయి. డోరు ప్లేటు మీద 6ఆర్07సి అని ఉంది. 6 అంటే 1966, ఆర్ అంటే శాన్ హోసే ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్. అసలు సంగతి ఐదో అక్షరంలో ఉంటుంది, అది ఇంజన్. సి అంటే రెండు బారెళ్ల (గాలి గొట్టాల) కార్బురేటర్ ఉన్న 289, ఏ అంటే నాలుగు బారెళ్లది, కె అంటే 271 హార్స్‌పవర్ స్పెషల్, ధర ఎక్కడికో పోతుంది. ఇక టి అంటే 200 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల మామూలు ఇంజన్. గాడి దగ్గర గ్రీజు తుడిచి టార్చి వేస్తే, డోరు మీద సి ఉన్నచోట ఇక్కడ టి ఉంది. డోరు ప్లేట్లు కొత్తవి చేయించుకోవచ్చు, ఆర్డరిస్తే ఇంటికే వస్తాయి. గుద్దిన నంబరు మార్చడం అంత తేలిక కాదు.

అప్పుడు చక్రాలు చూశాను. నాలుగేసి నట్లు! 1965, 66 మోడళ్లలో ఫోర్డ్ వాళ్లు ఆరు సిలిండర్ల మస్టాంగ్‌కి నాలుగు నట్లు, వి8కి ఐదు నట్లు ఇచ్చేవాళ్లు. ఫోటోల్లో ఆ చక్రాలు అంతసేపు చూసి కూడా లెక్కపెట్టలేదు నేను. ఎవరో వి8 తెచ్చి పెట్టారు గానీ కింద బ్రేకులు, యాక్సిల్ అన్నీ పాత చిన్న ఇంజన్‌వే వదిలేశారు. అమ్మేవాడు "నేను కొన్నప్పుడే ఇలా ఉంది" అన్నాడు, నిజమే కావచ్చు కూడా, కానీ 24 వేలు పెట్టేది నేను కదా. కాలిఫోర్నియా మాట కూడా అంతే, ఆర్ అని ఉంటే శాన్ హోసేలో పుట్టిందని అర్థం, అక్కడే పెరిగిందని కాదు.

"నంబర్స్ మ్యాచింగ్" సంగతి. 1966లో ఫోర్డ్ వాళ్లు బండి నంబరుని కె ఇంజన్ల మీద తప్ప మామూలు 289ల మీద గుద్దలేదు. మరి దేనికి దేన్ని మ్యాచ్ చేశాడో ఆయనకే తెలియాలి. మనం చూడగలిగింది బ్లాక్ పోత పోసిన తేదీ మాత్రమే, 5కె12 అని ఉంటే 1965 అక్టోబర్ 12. అది బండి తయారైన తేదీకి కొంచెం ముందు ఉండాలి, తర్వాత ఉంటే ఇంజన్ మారినట్టే.

మాది విజయవాడ, ఆటోనగర్‌లో మా మేనమామకి టింకరింగ్ షెడ్డు ఉండేది. సెకండ్ హ్యాండ్ బండి ఏదొచ్చినా ముందు వేలి కణుపుతో రేకు మీద కొట్టేవాడు, రేకైతే ఖంగుమంటుంది, పుట్టీ అయితే మూగగా ఉంటుంది. ఆ ఎర్ర కారుకి వెనక చక్రాల పైన అంతా మూగే, ఫ్రిజ్ మీది అయస్కాంతం పెడితే జారి కింద పడింది. పైన పటారం, లోన లొటారం.

మీది ఓహాయో, చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కాబట్టి కింద పడుకుని చూడకుండా కొనొద్దు. ఈ బళ్లకి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, నేల రేకే బలం, అది పోతే అన్నీ పోయినట్టే. ఇంకా ముఖ్యమైనది, ముందు అద్దం కింద వైపర్ల దగ్గర గాలి వెళ్లే జాలీ ఉంటుంది, దాన్ని కౌల్ అంటారు. అక్కడ లోపల తుప్పు పడితే వాన నీళ్లన్నీ నేరుగా కాళ్ల దగ్గరికి వస్తాయి. ఒక చెంబెడు నీళ్లు ఎడమ వైపు, ఒక చెంబెడు కుడి వైపు పోసి డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి తడిస్తే బేరం గట్టిగా ఆడాలి, ఎందుకంటే అది బాగుచేయాలంటే స్పాట్ వెల్డింగులన్నీ ఊడదీయాలి, రేకు ఖరీదు కంటే కూలి ఎక్కువ. నీళ్లు పోయనివ్వకపోతే వచ్చేయండి. మైలేజీ చూసి మురిసిపోకండి, మీటరులో ఐదంకెలే, 62 వేలు అంటే లక్షా 62 వేలు కూడా కావచ్చు.

1967 నుంచి వచ్చిన ఫోర్డ్ అయితే పని సుఖం, మార్టి రిపోర్ట్ అని కొంటే ఫ్యాక్టరీ లెక్కల్లోంచి ఆ బండి వివరాలు వస్తాయి. 1966కి రాదు, ఒక్క ఏడాది తేడా! పాంటియాక్ కంపెనీ బళ్లకి కూడా అలాంటి కాగితాలు ఇచ్చేవాళ్లున్నారు, వాళ్ల 1964, 65 జీటీఓ కొనేవాళ్లకి అవి లేకపోతే కష్టం, ఆ రెండేళ్లూ జీటీఓ ఒక ఆప్షన్ మాత్రమే కాబట్టి నంబరులో కనిపించదు. 1967-69 షెవర్లే కమారోల్లో ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్ అనే ఖరీదైన రకం) కూడా నంబరులో ఉండదు, వి8 అవునా కాదా అన్నదే ఉంటుంది, అందుకే రోడ్డు మీద ఇన్ని ఉత్తుత్తి ఎస్ఎస్‌లు.

చివరికి నేను కొన్నది అరిజోనాలో ఉన్న సి కోడ్ బండి, రంగు వెలిసిపోయింది, సీట్లు చిరిగాయి, నేల రేకు మాత్రం గట్టిది. వెళ్లకుండానే అక్కడి మెకానిక్‌కి డబ్బులిచ్చి కింద నుంచి వీడియో తీయించాను. టైటిల్ (బండి ఎవరిదో చెప్పే) కాగితం మీది నంబరూ రేకు మీది నంబరూ అక్షరం అక్షరం కలిశాకే డబ్బు పంపాను. 1966 దాకా వీటికి బ్రేక్ మాస్టర్ సిలిండర్ ఒకే గదిది, ఒక్క పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు ఉండదు, కొన్న వారంలోనే రెండు గదులది వేయించాను. మా ఆవిడ అప్పటిదాకా ఎక్కలేదు.

మీరు చూసిన బండి గాడి దగ్గర నంబరు ఫోటో, ఒక చక్రం ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. ఆఖరి ఆరు అంకెలు మాత్రం చెరిపేసి పెట్టండి.