మంటల చరిత్ర చదవబోతున్న మైథిలికి

చి. మైథిలికి,

పెదనాన్న ఆశీస్సులు. అడవి మంటల చరిత్ర చదవడానికి అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో చేరావనీ, మార్చిలోనే గడ్డకట్టిన సరస్సుల మీదికి కోరింగ్‌కి (అడుగు బురదను గొట్టంతో నిలువు కడ్డీలా తీసే పనికి) తీసుకెళ్తున్నారనీ మీ అమ్మ చెప్పింది. చలి గురించి ఈపాటికి అందరూ భయపెట్టే ఉంటారు. బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కో, చాలు. నేను పని గురించి రాస్తాను.

అడవి కాలినప్పుడల్లా బొగ్గు రేణువులు సరస్సులో పడి బురద పొరల్లో చేరతాయి, మనం చదివేది వాటినే. అందుకని సరస్సు చిన్నదిగా, లోతుగా, వాగులు కలవనిదిగా చూసుకోండి. వాగు ఉంటే ఎప్పుడో కాలిన కొండ మీది బొగ్గును తీరిగ్గా తెచ్చి పోస్తుంది, ఏ మంట ఎప్పటిదో తేలదు. పైపొర బురద మజ్జిగలా పల్చగా ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ గొట్టంతో విడిగా తీసి, ఒరగనివ్వకుండా నిలువుగానే మోసుకురావాలి. మనకు తేదీ తెలిసిన మంటలన్నీ ఆ పొరలోనే ఉంటాయి.

ల్యాబ్‌లో అర సెంటీమీటరు చొప్పున, మధ్యలో ఏ ముక్కా వదలకుండా కొయ్యి. బ్లీచ్‌లో నానబెట్టి, సన్న జల్లెడలో కడిగి, మిగిలిన నల్ల రేణువులు లెక్కపెట్టు. నల్లగా ఉన్నదల్లా బొగ్గు కాదు. అనుమానం వస్తే సూదితో నొక్కు: బొగ్గయితే పెళుసుగా విరుగుతుంది, కుళ్లి నల్లబడిన ఆకయితే వంగుతుంది. బోర్ కొట్టే పనే, పాటలు పెట్టుకో. రేడియోకార్బన్‌తో పొరల వయసు కట్టడానికి నేల మీద పెరిగిన మొక్కల ఆకులు, గింజలే పంపు. నీళ్లలో పెరిగే నాచు ఆ నీటిలోని పాత కార్బన్‌ని తీసుకుంటుంది కాబట్టి అసలు వయసు కన్నా పెద్దది చూపిస్తుంది.

ఇక అసలు విషయం. బొగ్గు పెరిగిన పొర కనబడగానే ‘వాతావరణం ఎండిపోయింది’ అని రాసెయ్యకు. ముందు అదే పొరలోని పుప్పొడి లెక్క దగ్గర పెట్టుకుని చూడు, అప్పట్లో ఏ చెట్లుండేవో అదే చెబుతుంది. అలాస్కా లోపలి ప్రాంతంలో బ్లాక్ స్ప్రూస్ అనే సూదాకుల చెట్టు వ్యాపించింది సుమారు 5, 6 వేల ఏళ్ల కిందట. అప్పటికి వాతావరణం చల్లబడుతోంది, తేమ పెరుగుతోంది. మంటలు తగ్గాలి కదా? పెరిగాయి! కారణం ఆ చెట్టే. కింది కొమ్మలు నేల దాకా వేలాడతాయి, ఒళ్లంతా జిగురు, చెట్టు మొదట్లో నేల మీద పరుచుకున్న నాచు కొన్ని రోజులు ఎండితే చాలు అంటుకుంటుంది. మంట కొమ్మ కొమ్మా ఎక్కి కొసకు చేరుతుంది, చెట్టు చస్తుంది. కానీ కాయలన్నీ నెత్తిమీద గుత్తిగా ఉంటాయి. అవి వేడికి విచ్చుకుని, కాలిన నేల మీద గింజలు రాలుస్తాయి. అలా దాదాపు వందేళ్లకోసారి, అటూ ఇటూగా, అదే అడవి కాలి అదే అడవి లేచింది. దాని చుట్టం వైట్ స్ప్రూస్‌కి ఆ వసతి లేదు. మంటకు బతికిపోయిన చెట్ల నుంచి గాలికి గింజ రావాల్సిందే. అందుకే రెండు స్ప్రూస్‌ల పుప్పొడినీ ఒకే గడిలో వెయ్యకు. విడదీయడం కష్టమే, కళ్లు లాగేస్తాయి. తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకో.

ఇదే కథను సైబీరియాకు అంటగట్టకు. అక్కడి లార్చ్, స్కాట్స్ పైన్ అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది. మందపాటి బెరడున్న చెట్లు మచ్చలతో బతికేస్తాయి.

వేసవిలో 2004లో కాలిన చోట్లకు వెళ్లు. ఆ ఏడాది అలాస్కాలో 66 లక్షల ఎకరాలు కాలాయి. మంట నాచును ఎంత లోతు తినేసిందో చూడు. నాచు మందంగా మిగిలినచోట స్ప్రూస్ మళ్లీ మొలిచి ఉంటుంది. మట్టి బయటపడినచోట చిన్న గింజల ఆకురాల్చే చెట్లు, బర్చ్, ఆస్పెన్ పాతుకుపోయి ఉంటాయి. అవి అంత తేలిగ్గా అంటుకోవు. అంటే చెట్టుతో పాటు రాబోయే మంటల తీరూ మారినట్టే. అలాస్కాలోనే యూకాన్ ఫ్లాట్స్ అనే ప్రాంతంలోని సరస్సుల బురద చదివినవాళ్లు ఇటీవలి మంటలు గత 10 వేల ఏళ్ల హద్దు దాటాయని 2013లో రాశారు. వెయ్యేళ్ల కిందటి వెచ్చటి కాలంలోనూ మంటలు ముదిరి, ఆకురాల్చే చెట్లు పెరిగాక తగ్గుముఖం పట్టినట్టు ఆ బురదలోనే కనబడిందట. ఈసారీ ఆ చెట్లు అడ్డుకుంటాయా అన్నది మీ తరం తేల్చాలి. నాకైతే అంత నమ్మకం లేదు.

కాలిన అడవిలోకి హెల్మెట్ లేకుండా వెళ్లకు. గాలి లేచిందంటే పని ఆపేసి బయటికి వచ్చెయ్. వేర్లు కాలిన చెట్లు చప్పుడు చెయ్యకుండా పడతాయి. నాచు లోతు కొలిచే ఇనుప చువ్వ నీదంటూ ఒకటి ఉంచుకో, అడిగినప్పుడల్లా ఎవరూ ఇవ్వరు. మొదటి కోర్ లెక్కలు అయ్యాక నాకు పంపు. పుప్పొడి లేకుండా బొగ్గు ఒక్కటే పంపితే మాత్రం తిప్పి పంపేస్తాను.

నీ పెదనాన్న