రెండడుగుల ట్యాంకులో నాలుగు డిస్కస్ చేపలు పెంచొచ్చా? మాది రాయగడ, ఇక్కడి చలికి తట్టుకుంటాయా?

వద్దండి. 2 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకులో అంచుదాకా పోసినా 56 లీటర్లే పడతాయి. షాపులో రెండంగుళాలున్న పిల్ల పెద్దదయ్యాక 15 సెంటీమీటర్లు దాటుతుంది. ఒక్కోదానికి 40 లీటర్లు లెక్కేసుకోండి.

అసలు నాలుగే కొనడం నాకు నచ్చలేదు. అమెజాన్ నదీప్రాంతంలో గుంపుగా బతికే చేపలివి. సంఖ్య తక్కువైతే బలమైనది ఒక్కదాన్నే పట్టుకుని తరుముతుంది, మేత దగ్గరికి రానివ్వదు. ఆ చేప రంగు నల్లబడి, రెక్కలు ముడుచుకుని మూలన నిలబడుతుంది. ఆరుంటే ఆ పోట్లాట పంచుకుపోతుంది. ఆరింటికి 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు, అంటే సుమారు 250 లీటర్ల ట్యాంకు కావాలి. నిలువుగా పెరిగే ఒళ్లు కాబట్టి ఎత్తు 2 అడుగులుంటే ఇంకా మంచిది.

ఇక చలి. వీటికి నీళ్లు 28 నుంచి 30 డిగ్రీలుండాలి. మీ వైపు చలికాలం రాత్రుళ్లు హీటర్ తప్పదు. కరెంటు పోతే చిన్న ట్యాంకు త్వరగా చల్లారిపోతుంది, పెద్దది కాస్త నిలదొక్కుకుంటుంది. మురికి పేరుకోవడమూ అంతే, అయినా వారానికోసారి కొంత నీళ్లు మార్చాల్సిందే. కొత్త నీళ్లూ గోరువెచ్చగా ఉండాలి సుమా!

నీళ్లే పావు టన్ను బరువు. టీవీ స్టాండు మీద పెట్టకండి, ఇనుప స్టాండు చేయించండి. ఇప్పుడున్న ట్యాంకులో గప్పీలు వేసుకోండి, హాయిగా ఉంటాయి.