గుణుపురం అల్లుడికి: రసీదులు తగ్గించు

పర్లాకిమిడి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

వంశధార ఒడ్డున నీటిమట్టం కొలిచే లోరా (తక్కువ కరెంటుతో దూరం పోయే రేడియో) పరికరాలు పెడుతున్నావట, ప్రతి ప్యాకెట్‌కీ అందిందని రసీదు తెప్పించుకుంటావట. ఆ పని మాత్రం చేయకు. లెక్క చూడు.

ఎస్‌ఎఫ్ (సిగ్నల్‌ని ఎంత సాగదీయాలో చెప్పే అంకె) 10, బ్యాండ్ వెడల్పు 125 కిలోహెర్ట్జ్, కోడింగ్ రేటు 4/5 (ప్రతి 4 బిట్లకు 5 పంపడం), హెడర్ (ప్యాకెట్ వివరాలు), సీఆర్‌సీ (ప్యాకెట్ చెడిందో లేదో చూసే అంకె) రెండూ ఉంటే 12 బైట్ల ప్యాకెట్ గాల్లో 289 మిల్లీసెకన్లు ఉంటుంది. 2 బైట్ల రసీదుకే 207! అందులో 100 ప్రియాంబుల్‌కే, అంటే ప్యాకెట్ వస్తోందని ముందుగా చెప్పే సంకేతానికే పోతుంది మరి. పైగా రసీదు పంపుతున్నంతసేపూ, ప్యాకెట్లు అందుకుని ఇంటికి పంపే కొండ మీది రిపీటర్‌కి చెవులుండవు. అప్పుడే పక్క పరికరం ఏదైనా పంపితే అదీ పోతుంది.

4/5 తప్పును పట్టుకుంటుంది గానీ దిద్దలేదు. 4/8 ప్రతి 8 బిట్లలో ఒక తప్పును దిద్దుతుంది, కానీ అదే 12 బైట్ల ప్యాకెట్ 362 మిల్లీసెకన్లు అవుతుంది. అయితే శ్రావణంలో చెట్ల ఆకులు తడిసి ప్రియాంబులే అందకపోతే ఏ కోడింగూ ఆదుకోదు.

అందుకని పాత కొలతలు రెండు, 2 బైట్ల చొప్పున, ప్రతి ప్యాకెట్‌లో కలుపు. ఒకటి కిందటిసారిది, ఇంకోటి ఆరుసార్ల కిందటిది. రెండూ పక్కపక్కవే అయితే ఒక్క జడివాన అన్నింటినీ కలిపి మింగేస్తుంది. మొత్తం 16 బైట్లు, 330 మిల్లీసెకన్లు. రసీదుకి 207 పోసేచోట అదనంగా 41తో (289 నుంచి 330) పనైపోయింది.

ఇంకో 2 బైట్లు నీ సొంత సీఆర్‌సీకి వాడు. రేడియో వేసే సీఆర్‌సీ ఆ ఒక్క అంగ వరకే, అంటే ఒక రేడియో నుంచి పక్క రేడియో దాకానే. రిపీటర్ మెమరీలో అంకె చెడిందనుకో, చెడినదాని మీదే కొత్త సీఆర్‌సీ కట్టి పంపేస్తుంది, ఇంటి దగ్గర అంతా సరిగ్గానే కనిపిస్తుంది. ఈ 2 బైట్లకు గాల్లో సమయం పెరగదు, లోరా బ్లాకుల లెక్కన పంపుతుంది కాబట్టి. 19 బైట్ల దాకా అదే 330, 20 అయితే 371.

వరుస సంఖ్య 1 బైటు తప్పనిసరి, ఆ 12లోనే ఇరికించు. నీరు ప్రమాద గుర్తు దాటితేనే రసీదు అడుగు. రాకపోతే మూడుసార్లు, మధ్యలో 2 నుంచి 10 సెకన్లు ఎంతో ఒకంత ఆగి పంపు. అందరూ ఒకే సమయం ఆగితే మళ్లీ ఢీకొంటాయి.

రిపీటర్‌లో సీఆర్‌సీ తప్పినవీ, వరుసలో అసలు రానివీ విడివిడిగా లెక్కపెట్టు. మొదటివి పెరిగితే 4/8కి మార్చు. రెండోవి పెరిగితే కోడింగ్ జోలికి పోకు. యాంటెన్నా కనెక్టర్ మీది టేపు విప్పి చూడు, లోపల నీరు దిగిందేమో.

ఇట్లు
మామయ్య