గుర్రం కాళ్ళకు ఘాటు నూనె రాసి అడుగులు నేర్పించొచ్చా?

ప్రశ్న: ప్రదర్శనల కోసం గుర్రాన్ని పెంచుతున్నాను. ముంగాళ్ళు బాగా పైకెత్తి నడవాలంటే గిట్టల పైన ఘాటు నూనె రాసి, ప్లాస్టిక్ కవరు చుట్టి, గొలుసులు కట్టాలని ట్రైనర్ అంటున్నాడు. అమెరికాలో ఇలాగే చేస్తారట. నిన్న రాశాం, అప్పటి నుంచి కాలు ముట్టుకోనివ్వడం లేదు. ఇది తప్పా?

జవాబు: తప్పేనండి. ముందు ఆ కవరు, గొలుసులు విప్పేయండి, మిగతాది తర్వాత చదువుదురు గాని.

మీ ట్రైనర్ సగమే చెప్పాడు. అమెరికాలో టెన్నెసీ వాకింగ్ హార్స్ అనే జాతికి కొందరు ఇలా చేసిన మాట నిజమే, దాన్ని సోరింగ్ అంటారు, కానీ దాన్ని ఆపడానికే అక్కడ 1970లో హార్స్ ప్రొటెక్షన్ యాక్ట్ తెచ్చారు. ఘాటైన ఆవనూనె, కిరోసిన్, డీజిల్ లాంటివి రాస్తే చర్మం బొబ్బలెక్కుతుంది, గొలుసు అక్కడ తగిలిన ప్రతిసారీ మంటకు తాళలేక గుర్రం కాలు చటుక్కున ఎత్తేస్తుంది, చూసేవాళ్ళు దాన్ని స్టైల్ అనుకుని చప్పట్లు కొడతారు. అక్కడి ఇన్‌స్పెక్టర్లు గిట్టకు పైనుండే కాలి భాగాన్ని బొటనవేలితో నొక్కి చూస్తారు, కాలు లాక్కుంటే అనుమానమే. దానికీ విరుగుడు కనిపెట్టారు కొందరు ఘనులు: ముందే ఉత్తుత్తి తనిఖీ పెట్టి, కాలు కదిపితే కొడతారు, ఆ భయంతో అసలు తనిఖీలో పాపం నొప్పిని దిగమింగుకుని నిలబడుతుంది. అక్కడి నిబంధనలు పాత మచ్చల్ని కూడా లెక్కలోకి తీసుకుంటాయి.

మన దగ్గరైతే 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, సెక్షన్ 11 ఉంది. యజమాని చూస్తూ ఊరుకున్నా నేరమే, ‘ట్రైనర్ చేశాడు’ అంటే కుదరదు. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే, నవ్వొచ్చినా అదే నిజం. కానీ కావాలని చేసిన పనితో కాలు పనికిరాకుండా పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ళ దాకా జైలు. ముళ్ళ కళ్ళెం వాడుతుంటే అదీ తీసేయండి, 1965 నిబంధనల ప్రకారం అది నిషేధం.

ఇప్పుడు గ్లౌజులు వేసుకుని, కొద్దిగా సబ్బుతో, ధారాళంగా నీళ్ళు పోసి కడగండి. గట్టిగా రుద్దొద్దు, పైన ఏ నూనే పూయొద్దు, తోలొద్దు. చర్మం చిట్లి ఉంటే ధనుర్వాతం ఇంజెక్షన్ గురించి పశువైద్యుణ్ణి అడగండి, గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది. నొప్పి మాత్రలు సొంతంగా వేయొద్దు. వెనక కాళ్ళు పొట్ట కిందికి లాక్కుని, బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంటే మాత్రం రేపటిదాకా ఆగకుండా ఇవాళే డాక్టర్ని పిలిపించండి.