అమ్మలూ, స్టార్లు చివర్లో వెయ్యి

చి. అమ్మలుకి,

నీ రివ్యూ అందింది. WWE అనే కంపెనీ ఏటా పెట్టే పెద్ద రెజ్లింగ్ షో, ఆ రెసల్‌మేనియా 40 రెండో రాత్రి మొత్తం మళ్లీ చూసి పన్నెండు పేజీలు రాశావంటే ముచ్చటేసింది. మీ నాన్న మాత్రం ఫోన్ చేసి "దానికి పరీక్షలున్నాయి, నువ్వు ఎగదోయకు" అన్నాడు. తెనాలిలో కేబుల్ వచ్చిన కొత్తలో అండర్‌టేకర్ అనే రెజ్లర్ వచ్చేముందు మోగే గంట వినగానే మంచం కింద దూరిన మనిషి ఈ మాట అంటున్నాడు! పట్టించుకోకు. పరీక్షలు మాత్రం రాయి.

రివ్యూ తెరవగానే కంట్లో పడ్డవి మ్యాచ్ మ్యాచ్‌కీ వేసిన స్టార్ల అంకెలు. మూడుంముప్పావు, నాలుగుంబావు, మళ్లీ నాలుగుంబావు. కూరగాయలు తూచినట్టుంది. ఫలానా మ్యాచ్‌కి ఆ చివరి పావు ఎందుకు వేశావంటే చెప్పగలవా? నేనైతే చెప్పలేను. అందుకే నా నోటుబుక్కుల్లో అర కంటే చిన్న ముక్క ఉండదు.

ఈ స్టార్ల పద్ధతిని జిమ్ కార్నెట్, నార్మ్ డూలీ అనే ఇద్దరు మొదలెడితే, డేవ్ మెల్ట్‌జర్ తన రెజ్లింగ్ న్యూస్‌లెటర్‌లో వాడి ఊరూరా పాకించాడు. సున్నా నుంచి ఐదు దాకా అన్నారు. ఆయనే 2017 జనవరి 4న టోక్యో డోమ్‌లో ఒకాడా, కెన్నీ ఒమేగా మ్యాచ్‌కి ఆరు వేశాడు. మరుసటేడు జూన్‌లో మళ్లీ వాళ్లిద్దరికే ఏడు. 1987లో హోగన్, ఆండ్రే మ్యాచ్‌కి మైనస్ నాలుగు. ఆ రాత్రి స్టేడియంలో 93,173 మంది ఉన్నారని కంపెనీ ప్రకటించింది. హోగన్ ఆ కొండలాంటి మనిషిని ఎత్తి కుదేసినప్పుడు వాళ్లంతా వెర్రెత్తిపోయారు. మరి ఎవరి లెక్క సరైంది? నన్నడిగితే ఇద్దరిదీ సరైందే, ఎందుకు వేశారో చెబితే. కాబట్టి ముందు కారణం రాయి. స్టార్లు అన్నిటికన్నా ఆఖర్న వెయ్యి, అదీ మర్నాడు పొద్దున్న.

నేను చేసిన వెధవ పని ఒకటి చెప్తాను. 2002లో టొరంటో స్కైడోమ్‌లో ది రాక్, హల్క్ హోగన్ తలపడ్డారు. అది మన టీవీలో వచ్చేసరికి మీ బావ చంటిపిల్లాడు. ఎంతకీ పడుకోని వాడు అప్పుడే నిద్రలోకి జారాడు. లేస్తాడేమోనని సౌండ్ పూర్తిగా తీసేసి, టీవీకి మూరెడు దూరంలో కింద కూర్చుని చూశాను. బొమ్మ మాత్రమే కనిపిస్తుంటే ఆ మ్యాచ్‌లో ఏముంది? నలభై ఎనిమిదేళ్ల మనిషి మోకాళ్లు పట్టేసినట్టు నడుస్తున్నాడు. గుద్దులు, గోళ్లతో వీపు గీరడం, ఒక కాలు లేపి తన్నడం. ఇద్దరూ అస్తమానం ఆగి జనం వంక చూస్తున్నారు. "ఒకటిన్నర. వయసైపోయింది, ఇంటికెళ్లాలి" అని రాసి పుస్తకం మూసేశాను.

మీ బావ హైస్కూల్లో ఉన్నప్పుడు అదే మ్యాచ్ కంప్యూటర్లో పెట్టాడు. ఈసారి సౌండుతో చూశాను. కథలో హోగన్ వచ్చింది విలన్‌గా. అంతకు కొన్ని వారాల ముందే రాక్‌ని అంబులెన్స్ ఎక్కించి, ఆ అంబులెన్స్‌ని లారీతో గుద్దినవాడు. జనం తిట్టాలి. వాళ్లేమో హోగన్ తల తిప్పితే చాలు అరుస్తున్నారు, రాక్ కొడితే కసురుకుంటున్నారు! నేను "అస్తమానం ఆగి చూస్తున్నారు" అని వెక్కిరించానే, అక్కడే అసలు పని జరుగుతోంది. జనం కథ మార్చేశారని ఇద్దరికీ అర్థమైంది. రాక్ అక్కడికక్కడే కాస్త విలన్‌గా మారాడు, హోగన్ పాత హీరో అయిపోయాడు. సినిమాలో డైరెక్టర్ కట్ చెప్పి మళ్లీ తీసుకుంటాడు. వీళ్లకి ఆ వీలు ఎక్కడిది?

అప్పటి నుంచి నా పద్ధతి మారింది. మ్యాచ్ నడుస్తున్నంతసేపూ ఎత్తుల పేర్లు రాయను. జనం నోరు ఎక్కడ లేచింది, ఎక్కడ పడిపోయింది, నేను ఎక్కడ ముందుకు వంగాను, ఎక్కడ ఫోన్ చూసుకున్నాను, ఇవే ఒక్కో ముక్కలో గీకుతాను. బెల్ ఎప్పుడు కొట్టారో, ఎప్పుడు ఆగిందో టైమ్ రాస్తాను. అంతే. ఎత్తుల పేర్లు తర్వాతైనా చూసుకోవచ్చు. నువ్వు ఎప్పుడు ఫోన్ తీశావో నీకు తప్ప ఇంకెవరికీ గుర్తుండదు.

నీ పన్నెండు పేజీల్లో ఎనిమిది పేజీలు "సూప్లెక్స్ వేశాడు, తర్వాత క్లోత్‌లైన్ కొట్టాడు, తర్వాత స్పియర్" అంటూ కిరాణా చీటీలా ఉన్నాయి. చూసినవాడికి అది అక్కర్లేదు, చూడనివాడికి అర్థం కాదు. నిర్మొహమాటంగా కొట్టెయ్.

ఇక అసలు సంగతికొస్తాను. కోడీ రోడ్స్, రోమన్ రెయిన్స్ మ్యాచ్‌లో నువ్వు అర స్టారు కోసిన చోటు. "చేతిలో కుర్చీ ఉంది, కోడీ ముందే పడున్నాడు, రోమన్ అనవసరంగా సెత్ రాలిన్స్‌ని కొట్టి టైమ్ వేస్ట్ చేశాడు" అని రాశావు. అమ్మలూ, అదే ఆ మ్యాచ్! సెత్ ఆ రాత్రి మ్యాచ్ మధ్యలోకి పాత షీల్డ్ జట్టు బట్టల్లో ఎందుకొచ్చాడు? 2014 జూన్‌లో, సెత్, రోమన్, ఇంకొకడు కలిసి షీల్డ్ అనే జట్టుగా ఉన్నప్పుడు, సెత్ ఇదే రోమన్‌ని వెనకనుంచి కుర్చీతో కొట్టి వెన్నుపోటు పొడిచాడు. దాదాపు పదేళ్ల తర్వాత ఎదురుగా సెత్ వీపు, అవే బట్టలు, రోమన్ చేతిలో కుర్చీ. 1,316 రోజులు ఛాంపియన్ బెల్టు దక్కించుకున్నవాడు, దాన్ని కాపాడుకోవడానికి చెయ్యాల్సింది వదిలేసి పాత పగ తీర్చుకున్నాడు. ఆ కాస్త వ్యవధిలో కోడీ తేరుకున్నాడు, బెల్టు పోయింది. రోమన్ మొహం మరోసారి చూడు. కోడీ వైపోసారి, సెత్ వైపోసారి చూసి, తెలిసి తెలిసి తప్పు చేస్తాడు.

నువ్వు తప్పుగా రాశావని అనడం లేదు. 2014 నాటికి నీకు కార్టూన్లు తప్ప తెలీదు. కానీ ఒక మనిషి రింగులో తెలివితక్కువ పని చేసినట్టు కనిపిస్తే, స్టారు కోసే ముందు "ఇతను ఎందుకు ఇలా చేశాడు" అని ఒకసారి వెనక్కి వెళ్లి వెతుకు. ఏమీ దొరక్కపోతే అప్పుడు నిక్షేపంగా కోసెయ్. చాలాసార్లు ఏమీ దొరకదు కూడా.

దెబ్బ గుర్తుపెట్టుకున్నారా లేదా అన్నది కూడా చూడు. పది నిమిషాలు మోకాలు విరగ్గొట్టించుకున్నవాడు చివర్లో జింకలా గెంతితే ఆ పది నిమిషాలు గాలికి పోయినట్టే. దీనికి మంచి పాఠం 2015 ఆగస్టులో బ్రూక్లిన్‌లో బేలీ, సాషా బ్యాంక్స్ ఆడిన మ్యాచ్. బేలీ చేతికి దెబ్బ ఉందని అందరికీ తెలుసు, సాషా పట్టుబట్టి ఆ చేతినే తొక్కుతుంది. ఆ చెయ్యి కోసం మనం పళ్లు బిగించుకుని కూర్చుంటాం.

బేలీ పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆ రెండో రాత్రి బేలీ, ఇయో స్కై మ్యాచ్ గురించి "ఆడవాళ్ల మ్యాచ్ అయినా బాగుంది" అన్నావు. ఆ "అయినా" ఏంటే? 2015 ఫిబ్రవరిలో టీవీలో ఆడవాళ్ల జంటల మ్యాచ్ ఒకటి అరనిమిషంలో ముగించేస్తే జనం గొడవ చేశారు. అంతకుముందు ఏళ్ల తరబడి రెండేసి నిమిషాలు ఇచ్చి, ఆపైన "వీళ్లకి ఆట రాదు" అన్నారు. అదంతా చూసిన దాన్ని, నాకు మంట. ఆ మాట తీసెయ్.

నిడివిని చూసి మార్కులు వెయ్యడమూ ఇలాంటిదే. 2016లో గోల్డ్‌బర్గ్ బ్రాక్ లెస్నర్‌ని 86 సెకన్లలో ఓడించాడు. ఇంట్లో అందరం నోళ్లు తెరుచుకుని ఉండిపోయాం. ఆ మ్యాచ్ ఉద్దేశమే అది. ఆ పని జరిగిందా లేదా అని అడగాలి గానీ, అరగంట ఎందుకు ఆడలేదని అడిగితే ఎలా?

ఒక విషయంలో మాత్రం నా మాట గట్టిగా విను. ఎవరైనా ప్రమాదకరంగా పడ్డారని స్టార్లు పెంచకు. 1999 జనవరిలో మిక్ ఫోలీ చేతులు వెనక్కి విరిచి సంకెళ్లు వేసి, రాక్ అతని తలమీద పదకొండుసార్లు కుర్చీతో కొట్టాడు. ఫోలీ భార్య, చిన్నపిల్లలు ముందు వరసలో కూర్చుని ఏడుస్తున్నారు. ఆ మ్యాచ్‌కి నేను నాలుగున్నర వేశాను. పక్కన "సూపర్" అని కూడా రాశాను, సిగ్గులేకుండా. 2010లో కంపెనీయే తలమీద కుర్చీ దెబ్బలు నిషేధించింది. మనం చప్పట్లు కొట్టినన్నాళ్లూ వాళ్లు తలలు పగలగొట్టుకున్నారు. ఇప్పుడు అలాంటిది చూస్తే ఒప్పుకోలేదని రాస్తాను, అంకె వెయ్యను.

మీ నాన్న మాట ఒకటుంది కదా, "ముందే రాసిపెట్టిన దానికి మార్కులేంటి" అని. అందులో రహస్యమేమీ లేదు, 1989లో ఆ కంపెనీవాళ్లే న్యూజెర్సీ ప్రభుత్వం ముందు ఇది వినోదమని ఒప్పుకున్నారు. మీ నాన్నకి మన ఊరి పద్య నాటకాలు గుర్తుచెయ్యి. పడక సీనులో కృష్ణుడు కళ్లు తెరిచి ముందు ఎవరిని చూస్తాడో చంటిపిల్లాడికి కూడా తెలుసు. అయినా మీ తాతయ్య పద్యం పద్యానికీ వన్స్‌మోర్ కొట్టి, ఇంటికొచ్చాక "ఇవాళ దుర్యోధనుడు మూడో పద్యంలో గొంతు దాచుకున్నాడు" అని అర్ధరాత్రి దాకా రివ్యూ చెప్పేవారు. మన ఇంట్లో ఈ పని కొత్తేం కాదు.

హాల్లో చూసిందానికీ టీవీలో చూసిందానికీ వేరు వేరు అంకెలు పెట్టుకో. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సెత్ రాలిన్స్ కలిసి లుడ్విగ్ కైజర్, జొవానీ విన్చీలతో ఆడినప్పుడు నేను, మీ బావ వెళ్లాం. కామెంటరీ ఉండదు. రింగు చెక్కల మీద ఒళ్లు పడ్డ చప్పుడు నేరుగా వినిపిస్తుంది. ఆటగా చూస్తే సీనా ఎప్పుడూ చేసే నాలుగైదు పనులే. కానీ మొహం ముందు చెయ్యి ఊపగానే హాలంతా వేలకొద్దీ చేతులు ఊగాయి, మీ బావ గొంతు రెండ్రోజులు రాలేదు. హాల్లో మూడున్నర అని రాసి, పక్కన టీవీలో రెండున్నర అని పెట్టాను. రెండూ నిజమే.

అండర్‌టేకర్ విషయంలో మాత్రం నన్ను నమ్మకు, ఆయనకి నేను ఎప్పుడూ ఒక అర ఎక్కువే వేస్తాను. నీకూ అలాంటివాళ్లు ఉంటారు. పేరు పైన చిన్న చుక్క పెట్టుకో, చదివేవాళ్లకి ముందే చెప్పెయ్.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. నీ పదో పేజీలో, బ్రాకెట్లో, ఒక వాక్యం ఉంది: "లైట్లు ఆరిపోయి గంట మోగగానే నాన్న పేపర్ దించేశాడు." ఉగాది ముందురోజు సోమవారం పొద్దున, ఆఫీసుకి టైమవుతుంటే, ముప్పై ఏళ్లుగా ఇదంతా నాటకం అంటున్న మీ నాన్న పేపర్ దించాడన్నమాట! దాన్ని బ్రాకెట్లోంచి తీసి మొదటి పేజీ మొదటి లైన్లో పెట్టు. అక్కణ్నుంచి మళ్లీ రాసి పంపు. స్టార్లు వెయ్యకుండా పంపు.

ఆ హోగన్ పేజీ ఫొటో తీసి పెడుతున్నాను. ఒకటిన్నర కొట్టెయ్యలేదు. కింద కొత్త తేదీ వేసి నాలుగు అని రాశాను, చూడు.

మీ అత్త